మా టెంటు మీదికి వచ్చిన చట్టం

ఇది ఒక మహాయుద్ధం కథ. ఇందులో ఒక రాజు ఉన్నాడు, ఒక శాసనం ఉంది, రాజ్యం పోగొట్టుకున్న ఒక వంశం ఉంది, నిండు సభలో నిలబడి ధర్మం అడిగిన ఒక మనిషి ఉన్నాడు. చంద్రగిరి కోట గోడల మీద చెక్కించదగిన కథ. కాండలు కాండలుగా చెప్పాలనే కూర్చున్నాను.

రెండు పేజీలు రాసి చదువుకుంటే అసలు సంగతి తెలిసింది. రాజు అంటే మా వైపు ఎమ్మెల్యే. శాసనం అంటే టెంటు సినిమాల మీద వచ్చిన ఒక చట్టం. రాజ్యం అంటే ఐరాల బయట, శనక్కాయలు పీకేసిన చేనులో మా నాయన వేసిన టెంటు. వానొస్తే కారేది. ధర్మం అడిగిన మనిషి మా నాయనే, అడిగేటప్పుడు ఆయన చంకలో పులిహోర గిన్నె ఉంది. కాబట్టి ఇది మహాయుద్ధం కాదు. అయినా నా కోపం తగ్గలేదు. కోపానికి కాండలు అక్కర్లేదు కనుక మామూలుగానే చెప్తాను.

మా వైపు టెంటు సినిమాను కొట్టాయి అంటారు. అరవదేశం నుంచి నడిచొచ్చిన మాట. చుట్టూ తడికెలు, పైన గుడ్డ, లోపల ఇసుక. నేల టికెట్టు కొన్నవాళ్ళు ఇసుకలో కూర్చునేవారు. ముందువాడి తల అడ్డమొస్తే వెనకవాడు ఇసుక కుప్ప పోసుకుని దాని మీద కూర్చునేవాడు. వాడి వెనకవాడు ఇంకా పెద్ద కుప్ప పోసుకునేవాడు. ఆట అయ్యేసరికి ఐరాల చుట్టుపక్కల లేని కొండలన్నీ మా టెంటులో లేచేవి. పొద్దున్నే వాటిని చదును చేయడం నా పని.

మాకున్నది ఒకే ప్రొజెక్టరు. ఒక ఫిల్ము చుట్ట అయిపోతే ఆపి, లైటు వేసి, ఇంకో చుట్ట ఎక్కించాలి. అందుకని టౌనులో సినిమాకు ఒక ఇంటర్వెల్ ఉంటే మా దగ్గర నాలుగు ఉండేవి. ప్రతి ఇంటర్వెల్‌కూ మా అమ్మ మురుకుల తట్ట పట్టుకుని వచ్చేది. తెర మీద తల్లి చచ్చిపోతూ ఉంటుంది, కొడుకు "అమ్మా" అని నోరు తెరుస్తాడు, అక్కడ చుట్ట అయిపోతుంది. లైటు వెలుగుతుంది. జనం కళ్ళు తుడుచుకుని, మురుకులు కొనుక్కుని, కాళ్ళు చాపుకుని, మళ్ళీ ఏడవడానికి తయారుగా కూర్చుంటారు. నాటకీయత అనేదాని మీద నాకు గౌరవం పోయింది అక్కడే.

తిరుపతిలో బి.ఏ. చదవబోయి, తప్పి, ఇంటికి చేరిన నాకు నాయన మైకు అప్పజెప్పాడు. సాయంత్రం ఊళ్ళ వైపు లౌడుస్పీకరు పెట్టి, "బిన్నా రాండి, బొమ్మ పడబోతా ఉండాది" అని అరిచి జనాన్ని తొందరపెట్టడం, ఇంటర్వెల్‌లో రాబోయే సినిమా గొప్పలు చెప్పడం. సినిమా చూడకుండానే గొప్పలు చెప్పేవాణ్ణి. చూస్తే చెప్పలేను.

ఆ లౌడుస్పీకరు వల్లనే మాకు మొదటి ఏడాది తగువొచ్చింది. ఊళ్ళో తగువులన్నీ తీర్చే పెద్దాయన ఆవు పాలివ్వడం మానేసింది. మా పాటలకు ఆవు బెదిరిందని ఆయన వాదన. తగువు చావడికి వచ్చింది. వాది ఆయనే, తీర్పు చెప్పాల్సిందీ ఆయనే. ఇక మనం మూట కట్టుకోవచ్చని నేను నాయన చెవిలో అన్నాను.

పెద్దాయన ఎప్పటిలా చావడి అరుగు మీదికి ఎక్కాడు. చుట్టూ చూశాడు. తువ్వాలు దులిపి భుజం మీద వేసుకుని, అరుగు దిగి వచ్చి మా నాయన పక్కన నేల మీద కూర్చున్నాడు.

"నా ఆవు తగువప్పా ఇది. నేను పైన కూసుంటే బాగుండదు. మీరే ఏదో ఒగటి సెప్పండి" అన్నాడు అరుగు మీద మిగిలినవాళ్ళతో.

వాళ్ళు చాలాసేపు బీడీలు కాల్చి, లౌడుస్పీకరు తీసేయనక్కర్లేదు, మొహం చెరువు వైపు తిప్పితే చాలు అన్నారు. పెద్దాయన గొణిగాడు గానీ కాదనలేదు. మర్నాడు బెంచీ టికెట్టు కొని ఆటకు కూడా వచ్చాడు. ఆవు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అది చూలుతో ఉందని తర్వాత తెలిసింది.

నాయనకు ఇది మహా గొప్పగా తోచింది. పది రోజులు అదే మాట.

"సూసినావా రా, అంత పెద్దమనిసి దిగొచ్చి నా పక్కన కూసున్నాడు."

"అరుగు మీద ఎండ పడతా ఉండె నాయనా, నీడకొచ్చినాడు" అన్నాను.

"నీకు ఏదీ పెద్దగా అగుపడదు రా" అన్నాడు నాయన.

నాకు అగుపడింది. చెప్పలేదంతే.

కొన్నేళ్ళకు ఎలక్షన్లు వచ్చాయి. చిత్తూరు పోయే రోడ్డు మీది టౌనులో సినిమా హాలు ఉన్నాయన నిలబడ్డాడు. గచ్చు నేల, ఫ్యాన్లు, పైన బాల్కనీ ఉన్న హాలు. మా టెంటు నుంచి అక్కడికి బస్సులో పోతే ఒక కునుకు తీసేంత దూరం. నాయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆయన లెక్క ఏమిటంటే, ఇన్నాళ్ళూ అసెంబ్లీలో రైతులున్నారు, వకీళ్ళున్నారు, కాంట్రాక్టర్లున్నారు, సినిమా ఆడించే కష్టం తెలిసినవాడు ఒక్కడూ లేడు. ఇప్పుడు మన పనివాడు పోతున్నాడు.

"ఆయప్పకు బాల్కనీ ఉండాది. మనకు ఇసక ఉండాది. ఇద్దురిదీ ఒగే పని యెట్లయితాది?" అంది అమ్మ.

"బొమ్మ ఒగటే కదే."

"బొమ్మ ఒగటే. కూసునే సోటు కదా వేరే."

నాయన వినలేదు. నాలుగు ఇంటర్వెల్స్‌లోనూ నా చేత ఆయనకు ఓటెయ్యమని చెప్పించాడు. ఊరికే చెప్పాను. నా గొంతు బాగుందని ఆయన మనుషులు వచ్చి మెచ్చుకుని, మురుకులు తిని పోయారు. ఆయన గెలిచాడు. నాయన తానే గెలిచినట్టు కొత్త పంచె కట్టుకున్నాడు.

ఆ తర్వాత ఒక సాయంత్రం రేడియోలో ప్రాంతీయ వార్తలు వింటూ నాయన లేచి నిలబడ్డాడు. సినిమా ప్రదర్శనల మీద మన ఎమ్మెల్యే సొంతంగా ఒక బిల్లు పెట్టాడట. మంత్రి కూడా బాగుందన్నాడట. సభ ఆమోదించిందట. రేడియో అంతకంటే చెప్పలేదు, వాన కబుర్లలోకి పోయింది. ఆ కొంచెం చాలు నాయనకు.

"సెప్పు రా మైకులో" అన్నాడు.

"ఏమని సెప్పేది? ఏముండాదో తెలీదు గదా దాంట్లో."

"సినిమావోడు సినిమాకు తెచ్చిన సట్టం. మంచిదే ఉంటాది. సెప్పు."

చెప్పాను. రెండో ఇంటర్వెల్‌లో, ఇసుక కొండల మీద కూర్చున్న జనానికి, మన ప్రాంతపు ముద్దుబిడ్డ సినిమా రంగాన్ని ఉద్ధరించే చట్టం తెచ్చాడని గొంతు మార్చి మరీ చెప్పాను. జనం చప్పట్లు కొట్టారు. నాయన ప్రొజెక్టరు గదిలోంచి తల బయటపెట్టి చేతులు జోడించాడు. మా చావుకు మేమే టముకు వేసుకుని, మేమే చప్పట్లు కొట్టించుకుని, ఆ తర్వాత మూడో చుట్ట ఎక్కించాం. ఇట్లాంటి పని ఇంకెవరైనా చేసి ఉంటే వాళ్ళ పక్కన కూర్చుని భోంచేయాలని నాకు కోరిక.

టెంటుకు ఎప్పటికప్పుడు చిత్తూరులో పర్మిషను తిరగరాయించుకోవాలి. ఆ గడువు దగ్గరపడి ఇద్దరం పోయాం. ఆఫీసులో గుమాస్తా నాయనకు పాత పరిచయం. తల పైకెత్తకుండానే అన్నాడు:

"ఉన్నది ఎండాకాలం దాకా ఆడించుకోప్పా. ఆపైన ఇయ్యలేము. సట్టం వచ్చినాది."

"తెలుసు సార్. మా ఎమ్మెల్యే తెచ్చినదే" అన్నాడు నాయన గర్వంగా.

"ఆ, ఆయప్ప తెచ్చినదే. పర్మనెంటు హాలు ఉండే సోటికి పది కిలోమీటర్ల లోపల టెంటు ఉండకూడదు అని."

నాయన మొహం మీద నవ్వు కాసేపు అట్లాగే ఉండిపోయింది. లైటు ఆరిపోయాక కూడా తెర మీద ఏదో ఉన్నట్టనిపిస్తుంది చూడండి, అట్లా.

బయటికి వచ్చి పాత పేపర్లు వెతికి సభలో ఏం జరిగిందో చదివాను. టెంట్లు అగ్నిప్రమాదానికి నిలయాలని ఎమ్మెల్యే చెప్పాడు. మా టెంటులో మంట లేస్తే ఏ పక్కన తడిక ఎత్తినా బయటపడొచ్చు. టికెట్టు లేకుండా వచ్చేవాళ్ళు దీన్ని రోజూ రిహార్సలు చేస్తూనే ఉన్నారు. ఆయన హాల్లో ఆట మొదలైతే తలుపులకు బయట గడియ పెడతారు, దొంగతనంగా ఎవరూ దూరకుండా. ఇసుకలో కూర్చోవడం మహిళల మర్యాదకు భంగం అన్నాడు. ఆ మహిళలు పగలంతా చేలో మట్టిలోనే కూర్చుని శనక్కాయలు వలుస్తారు, అప్పుడు వాళ్ళ మర్యాద ఏ సెక్షన్ కిందికి వస్తుందో చెప్పలేదు. అప్పుడు సభలో ఒక పెద్దమనిషి లేచి, ఈ రంగంలో స్వయంగా అనుభవం ఉన్న సభ్యుడు ఇట్లాంటి బిల్లు తేవడం సభ అదృష్టం అన్నాడట. బల్లలు చరిచారట.

నా కోపం ఇక్కడ మొదలైంది, ఇంకా ఇక్కడే ఉంది. ఆయన ఏదైనా దాచి ఉంటే నాకు ఇంత మంట లేదు. దాచినదాన్ని బయటపెట్టొచ్చు. పెట్టి, చూడండయ్యా అనొచ్చు. ఆయన ఏమీ దాచలేదు. హాలు ఆయనదని అందరికీ తెలుసు. చట్టం వస్తే ఆ హాలుకు జనం పోతారని పలకా బలపం పట్టిన పిల్లకాయలకు కూడా తెలుసు. తెలిసే బల్లలు చరిచారు. స్వార్థానికి అనుభవం అని పేరు పెట్టి మెడలో దండ వేశారు.

వైద్యం సంగతి వైద్యుడు మాట్లాడకూడదా, చదువు సంగతి పంతులు మాట్లాడకూడదా అని మీరడగొచ్చు. మాట్లాడాలి. తెలిసినవాడు చెప్పకపోతే తెలియనివాడు చెప్తాడు, అది ఇంకా ఘోరం, నా మైకు పనిలా ఉంటుంది. కానీ ముందు నాకిందులో ఇంత ఉంది అని చెప్పాలి. తెలిసింది చెప్పాలి. తర్వాత దిగి పక్కన కూర్చోవాలి. చెయ్యెత్తే పని మిగిలినవాళ్ళది. ఆవు పాలివ్వని తగువుకు మా చావడిలో ఉన్న పద్ధతి, మొత్తం రాష్ట్రానికి చట్టాలు చేసే చోట లేదు.

నాయన మాత్రం కోపపడలేదు. "ఆయప్పకు తెలిసుండదు రా. టెంటంటే ఊరూరా తిరిగేటోళ్ళ మీద రాసింటాడు. మనం ఒగే సోట ఉండేటోళ్ళం గదా. సెప్తే సర్దుతాడు" అన్నాడు.

చెప్పడానికి అవకాశం తిరుపతిలో వచ్చింది. జిల్లాలో హాళ్ళున్న ఆసాములంతా కలిసి ఒక కల్యాణ మంటపంలో ఎమ్మెల్యేకు సన్మానం పెట్టుకున్నారు. సినిమావాళ్ళ సభే కదా, మనమూ సినిమావాళ్ళమే కదా అని నాయన బయలుదేరాడు. అమ్మ పులిహోర కట్టి ఇచ్చింది. పాకాలలో రైలెక్కాం. దారంతా నాయన ఏం చెప్పాలో పెదాలతో అనుకుంటూనే ఉన్నాడు. ఎదురుగా కూర్చున్న ముసలమ్మ, ఈయన స్తోత్రం చదువుతున్నాడనుకుని మధ్యమధ్య దండం పెట్టింది.

మంటపంలో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాం. శాలువ కప్పారు. పళ్ళెం ఇచ్చారు. ఉపన్యాసాల్లో ఆయన్ను సూర్యుడితో ఒకరు, కల్పవృక్షంతో ఇంకొకరు పోల్చారు. ఆయన చల్లగా కూర్చుని కోకాకోలా లేని రోజులు కాబట్టి గోళీసోడా తాగుతున్నాడు. ఇంకెవరైనా రెండు మాటలు చెప్తారా అని అడిగారు. అది మాట వరసకు అడిగేది. నాయన చెయ్యెత్తాడు.

"అబ్బా, నాది ఐరాల కాడ టెంటు" అన్నాడు.

తలలన్నీ తిరిగాయి. ఎమ్మెల్యే నవ్వాడు. మంచి నవ్వే.

"తెలుసప్పా. ఎలక్షన్లో మీవోడు మైకులో బాగా సెప్పినాడంట. ముందరికి రా."

నాయన పోలేదు. "ఈ సట్టంతో నా టెంటు పోతా ఉండాది" అన్నాడు.

"సట్టం ఒగరి కోసం సేసింది కాదప్పా. జనం బాగు కోసం. ఇసకలో తేళ్ళుంటాయి."

"ఇన్నేండ్లలో ఒగర్ని గూడా కుట్టలేదబ్బా."

"ఇంక మీద కుడితే?"

సభలో చిన్న నవ్వు. నాయన గిన్నెను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

"సరే. ఒగ మాట అడగతా. ఆ పొద్దు సభలో ఈ బిల్లు వచ్చినప్పుడు, మీరు లేసి అవతల కూసున్నారా?"

ఎమ్మెల్యేకు నిజంగానే అర్థం కాలేదు. "యాడ కూసునేది?" అన్నాడు.

"అవతల. మీ హాలు తగువు గదా. మా ఊర్లో ఆవు తగువొస్తేనే పెద్దాయన అరుగు దిగి కింద కూసున్నాడు. మీ సభ అంతకంటే పెద్దది గదా, ఆడ గూడా అట్లనే ఉంటాది అనుకున్నా."

ముందు వరస కుర్చీల్లోని ఆసాములు ఎమ్మెల్యే మొహం వైపు తిరిగారు. ఆ కాసేపూ మా నాయన గెలిచాడు. తర్వాత ఎమ్మెల్యే గోళీసోడా పక్కన పెట్టి అన్నాడు:

"అప్పా, ఆడ లేసేది మాట్లాడేదానికి. కూసునేది ఓటేసేదానికి. అవతల కూసుంటే ప్రతిపక్షం అంటారు."

మంటపం పగిలిపోయేట్టు నవ్వారు. శాలువ కప్పినాయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. నిజం చెప్పాలంటే మాట బాగుంది. ఇంకో చోటైతే నేనూ నవ్వి, రాసి పెట్టుకుని, నాదని చెప్పుకుని తిరిగేవాణ్ణి. అందుకే ఒళ్ళు మండింది. నేను ఇన్నేళ్ళూ హాస్యాన్ని గాలి తీసే సూది అనుకున్నాను. అది గాలి కొట్టే పంపు కూడా అని ఆ రోజు చూశాను. ఒక మనిషి అడిగిన ఒకే ఒక్క సరైన ప్రశ్న మీద పెద్ద నవ్వు పరిచి, దాని మీద నడిచి పోయారు. అందరికంటే నన్ను ఎక్కువ మండించింది ఏమిటంటే, అందరూ నవ్వుతున్నారు కదా అని నాయన కూడా కొంచెం నవ్వాడు.

తిరుగు రైల్లో పులిహోర విప్పాం.

"నవ్వినాడే గాని, లేసి కూసున్నా అని సెప్పలేదు సూడు" అన్నాడు నాయన.

"అయితే?"

"కూసోలేదని ఒప్పుకున్నట్టే గదా."

"ఆ ఒప్పుకోలు ఎత్తుకోనిపోయి నాలుగు గుంజలకు కట్టుకుందాం నాయనా. వానకు కారదు."

ఆయన పులిహోరలో శనగ్గింజలు ఏరి నా వైపు పెట్టాడు.

ఎండాకాలం దాకా ఆడించాం. పది కిలోమీటర్ల అవతల చోటు కోసం నాయన సైకిలు మీద తిరిగాడు. ఈ హాలు నుంచి తప్పించుకుంటే ఆ హాలు కిందికి వచ్చేది. ఒక చోట ఏ హాలూ లేదని సంబరపడి వెళ్తే, అక్కడ పునాది తవ్వుతున్నారు. ఎవరిదని అడిగితే ఎమ్మెల్యే బామ్మర్దిది అన్నారు. తన బిల్లు ఎక్కడెక్కడ ఖాళీ చేస్తుందో, రాసినవాడికి తెలియకుండా ఉంటుందా. నాయన సైకిలు దిగి, పునాది చుట్టూ ఒకసారి నడిచి, బాగా లోతుగా తీస్తున్నారని మెచ్చుకుని వచ్చాడు.

గడువు తీరిన మర్నాడు గుడ్డ దించాం. ఊరివాళ్ళు వచ్చి చేతులు వేశారు. ఆవు పెద్దాయన కూడా వచ్చి గుంజ పట్టాడు. ఎవరూ ఏడవలేదు, పని ఎక్కువగా ఉంది. ప్రొజెక్టరును మదనపల్లె వైపునుంచి వచ్చిన వాళ్ళు కొనుక్కుపోయారు.

తర్వాత ఎమ్మెల్యే హాలు నుంచి మేనేజరు వచ్చాడు. మంచి ఆపరేటరు కావాలట, ఎమ్మెల్యే అన్న మిమ్మల్నే అడగమన్నాడట.

"దయ గలోడు" అంది అమ్మ. "ఇల్లు కాల్చి, కట్టెలు మోసే పని మనకే ఇస్తా ఉండాడు."

నాయన రెండు రోజులు ఆలోచించాడు. నేను వద్దన్నాను, ఆ హాలు గడప తొక్కితే వాళ్ళ నవ్వుకు రసీదు ఇచ్చినట్టేనన్నాను, ఇంకా చాలా పెద్ద మాటలన్నాను.

"అయితే నువ్వు సంపాదించుకోనిరా రా" అన్నాడు నాయన. అందులో తిట్టేమీ లేదు. ఆయనకు వచ్చిన పని బొమ్మ ఆడించడం, చుట్టుపక్కల బొమ్మ ఆడేది ఇప్పుడు అక్కడొక్కచోటే. మూడో రోజు పొద్దున అన్నం తిని వెళ్ళి చేరాడు.

ఇప్పుడు ఐరాల వైపు నుంచి ఎవరైనా సినిమా చూడాలంటే ఆ హాలుకే పోవాలి. ఫస్ట్ షో వదిలేసరికి ఆఖరి బస్సు వెళ్ళిపోయి ఉంటుంది. మ్యాట్నీకి పోవడం మంచిది.